నల్లా దగ్గిన ఎండాకాలం

మా అత్త సారవ్వ నాతో మాట్లాడేది కాదు. కోపం ఏమీ లేదు, మర్యాద. మా దిక్కు పాతకాలపు అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, ముఖం చూసి మాట్లాడదు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో కూతురు ఉంటుంది. "అల్లునికి చెప్పే, అన్నం అయ్యిందని" అని అత్త అంటే, నాలుగడుగుల దూరంలో కూర్చున్న నాకు నా భార్య మల్లక్క ఆ మాటే మళ్లీ చెప్పేది.

నేను ఊరుకునేవాణ్ని కాదు. "మీ అవ్వకు చెప్పు, అల్లునికి చెవుడు వచ్చింది, ఇంకోపారి చెప్పమంటున్నడని" అనేవాణ్ని. అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి ఉరికేది. మామ పోయాక అత్త మా దగ్గరికే వచ్చేసింది; మా ఇంట్లో టపా ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

మొన్నటి చలికాలంలో మల్లక్క జ్వరమని దవాఖానకు పోయి తిరిగి రాలేదు. మాకు పిల్లలు లేరు. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో అత్త, నేను మిగిలాం. మధ్యలో టపా మోసే మనిషి లేదు.

అత్త గాలికి చెప్పడం నేర్చుకుంది. పొయ్యి వైపు తిరిగి "చాయ్ అయ్యింది. తాగేటోళ్లు తాగుతరు" అనేది. నేను నీళ్ల బకెట్‌ను ముందుకు లాక్కుని "ఓ బకెట్టూ, తాగేటోళ్లు వస్తున్నరని చెప్పు" అనేవాణ్ని. కొంగు నోటిదాకా పోతుందేమోనని ఓరకంట చూసేవాణ్ని. పోయేది కాదు.

వాడలో నన్ను చిన్నా పెద్దా అందరూ బుచ్చన్న కాక అనే పిలుస్తారు. చదివింది ఏడో తరగతి, అదీ సార్లు ఓపిక పట్టినందుకు. నీళ్ల పైపులు చూసే లైన్‌మన్ సంపత్ టిఫిన్ డబ్బాలో అన్నం తీసేసి బొగ్గు పెళ్లలు సర్దింది నేనే. ఎవరికైనా చెప్పు కనబడకపోతే ముందు నా ఇంటికే వస్తారు. ఆ గడప దాటి లోపలికి వచ్చాక మాత్రం నా నోటికి పని ఉండేది కాదు. ఫ్యాను చప్పుడు, అవతలి గదిలో అత్త వెండి కడియాల చప్పుడు. అంతే.

నా డ్యూటీ గోదావరి ఒడ్డున పంపుహౌస్‌లో. నది నీళ్లు తోడి కాలనీకి పంపాలి. తెల్లవారుతుండగా పంపు మొదలుపెట్టి, ఇనుప చక్రం తిప్పి, పైపుకున్న వాల్వును నిదానంగా తెరవాలి. నిదానంగా తెరవమని కంపెనీ చెప్పింది. నేను రెండు చుట్లు తెరిచి, టక్కున మూసి, తెరిచి, మళ్లీ టక్కున మూసి, అప్పుడు మొత్తం తెరిచేవాణ్ని. పైపులో ఉన్న నీళ్లన్నీ ఉలిక్కిపడేవి. మైళ్ల అవతల మా గోడ పక్కన, పెద్ద లైనుకే తగిలించిన నల్లా ఒకటి ఉంది. అది రెండుసార్లు దగ్గేది. ఖళ్. ఖళ్.

పెళ్లయిన కొత్తలో మల్లక్క కోసం మొదలుపెట్టిన చిలిపి పని అది. రాత్రి డ్యూటీ అయిపోయింది, నేను మంచిగనే ఉన్న, చాయ్ పెట్టు అని దానర్థం. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా మానలేదు. ఫోన్‌లో అయితే పక్కింటామెకు వినబడుతుందని మల్లక్కే వద్దంది.

ఆమె దినాలు అయిపోయి డ్యూటీకి ఎక్కిన మొదటి తెల్లవారుజామున నా చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. చేశాక చక్రం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎవరికి చెప్పినట్టు? ఇంటికి పోయేసరికి గడప దగ్గర గ్లాసులో చాయ్ పొగలు కక్కుతూ ఉంది. అత్త లోపల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమెకూ తెలుసన్నమాట. ఆ రోజు నుంచి ఒక్క పొద్దు కూడా తప్పలేదు. నేను నల్లాతో దగ్గిస్తే అత్త చాయ్‌తో జవాబిచ్చేది. మా ఇద్దరి మధ్య మాటలంటే అవే.

ఎండలు మొదలవుతుండగా మల్లక్క తమ్ముడు బిక్షం నస్పూర్ నుంచి వచ్చాడు. అక్కడ బొగ్గు బాయిలో పని చేస్తాడు.

"అవ్వను తీస్కపోత బావ" అన్నాడు, మంచం మీద కూర్చోకుండానే.

"ఎందుకురా? ఇక్కడ నేను కొడుతున్ననా?"

"గట్లెందుకంటవు? బిడ్డ పోయినంక అత్త అల్లుడు ఒక్క ఇంట్ల ఉంటె జనం ఊకుంటరా? నా పెండ్లాం తరఫోళ్లు అప్పుడే అడుగుతున్నరు."

"నీ ఇంట్ల నీకే కాళ్లు సాపుకునే జాగ లేదు. అవ్వను ఏడ పండవెడ్తవు?"

"పైన ఒక అర్ర ఏస్తున్న. స్లాబు పడి ఆరంగనే తీస్కపోత."

"అయితె నీ సిమెంట్ల చక్కెర కలిపిపోత. సచ్చినా ఆరది."

బిక్షం నవ్వాడు. నేనూ నవ్వాను. అత్త లోపలి నుంచి ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. ఆమె ఏమనుకుంటోందో అడిగే దారి నాకు లేదు. అప్పటి నుంచి ఆ స్లాబు నా నెత్తి మీదే వేస్తున్నట్టు ఉండేది. చాయ్ నేనే పెట్టుకోగలను. నల్లా దగ్గితే వినేవాళ్లు ఎవరూ ఉండరు, అదీ సంగతి.

ఆ ఏడు గోదావరి తొందరగా కిందికి దిగింది. పంపు నీళ్లు లాగే చోట సుడి తిరిగి, గుటకగుటకకూ గాలి లోపలికి పోయేది. పంపు ఒకసారి బరువుగా మూలిగి, ఒకసారి తేలికై అరిచేది. ప్రెషర్ ముల్లు ఒక్క చోట నిలిచేది కాదు. పైపు మీద చెయ్యి పెడితే చలిజ్వరం వచ్చినవాడిలా వణికేది. ఇక లైను మీద పాత ఇనుప పైపుల అతుకులు ఒక్కొక్కటే ఊడటం మొదలైంది. ముందు రైలు గేటు దగ్గర, తర్వాత కూరగాయల మార్కెట్ వెనక.

"కాకా, ఈ లైనుకు ఎవడో చేతబడి చేసిండే" అన్నాడు సంపత్, ఒళ్లంతా బురదతో వచ్చి. "నా పెండ్లాం నన్ను గుర్తుపడ్తలేదు."

"అదృష్టవంతురాలు. కొన్ని దినాలు గట్లనే ఉండనీ."

ఆ వారంలోనే ఇంజినీరమ్మ వచ్చింది. మైత్రి ఆమె పేరు. తండ్రిది కోస్తా వైపు, కంపెనీలోనే ఆఫీసరుగా చేశాడు. ఈమె పుట్టింది మాత్రం ఇక్కడి బంగ్లాల్లోనే. తెల్లవారకముందే పంపుహౌస్‌కు వచ్చి, సంచిలోంచి సొంత మీటరు తీసి పైపుకు బిగించింది.

నేను ఊరుకుంటానా? "మేడం, ఈ పంపుకు ఒక అలవాటున్నది. పొద్దుగాల ఎవరన్న ఒక తిట్టు తిట్టాలె. లేకుంటె లేవది."

ఆమె మోటారును కింది నుంచి పైదాకా చూసింది. "ఏమని తిట్టాలి?"

"పెద్దగ ఏమొద్దు. సోమరిపోతా అంటె సాలు."

వంగి, మోటారు చెవిలో చెప్పినట్టుగా "ఏయ్ సోమరిపోతా, లే!" అంది. నేను బటన్ నొక్కాను. పంపు గర్జించింది. ఆమె నా వైపు తిరిగి "నా మాట వింది చూశారా? మీరు రోజూ మర్యాదగా లేపుతున్నారేమో, అందుకే పాడైంది" అంది. ఈ పిల్లతో జాగ్రత్తగా ఉండాలి అనుకున్నాను.

"ఇప్పుడు రోజూ ఎలా తెరుస్తారో అలాగే తెరవండి" అని స్టూలు మీద కూర్చుంది.

చక్రం మీద చేతులు పెట్టాను. మా గోడ పక్కన నల్లా, దాని పక్కన చెవి పెట్టుకున్న ముసలామె కళ్ల ముందు కదిలారు. రెండు చుట్లు తెరిచాను. మూశాను. తెరిచాను. మూశాను. మీటరు ముల్లు కొరడా దెబ్బ తిన్నట్టు ఎగిరి పడింది.

"అదేంటి?"

"ఏది?"

"రెండుసార్లు మూశారు."

"గోదారి తల్లికి దండం పెట్టిన మేడం."

ఆమె నవ్వలేదు. లేచి పైపు మీద చెయ్యి వేసింది. "బొగ్గు గూడ్సు బండి చూస్తారుగా. నడుస్తున్న ఇంజను టక్కున ఆగితే వెనక వ్యాగన్లు ఏమవుతాయి?"

"దడదడ గుద్దుకుంటయ్."

"ఇక్కడి నుంచి కాలనీ దాకా ఉన్న నీళ్లన్నీ ఒక గూడ్సు బండి. మీరు టక్కున మూస్తే ముందుకు పోయే నీళ్లు ఆగలేవు. పోయి, వెనక్కి తిరిగొచ్చి గుద్దుతాయి. మీకు ఇక్కడ చిన్నగానే తెలుస్తుంది. బలం లేని అతుకు దగ్గర అది సమ్మెట దెబ్బ. ఇన్నాళ్లు అతుకులు ఎలాగో తట్టుకున్నాయి. ఇప్పుడు గాలి కూడా పోతోంది. ఆ గాలి నలిగి, స్ప్రింగులా తిరిగి తంతోంది."

చక్రం మొత్తం తెరిచాను.

"గాలి సంగతి నేను చూస్తాను. సుడి తిరగకుండా నీళ్ల మీద చెక్కల తెప్ప కట్టిస్తాను" అంది. సంచి సర్దుకుంటూ ఆగింది. "దండం పెడితే నది వైపు చూస్తారు బుచ్చన్న గారూ. మీరు కాలనీ వైపు చూశారు."

ఇంకేమీ అడగలేదు. వెళ్లిపోయింది.

మానేద్దామనే అనుకున్నాను. మర్నాడు చక్రం దగ్గర నిలబడితే, ఇవాళ ఒక్కనాడు, ఇంకా స్లాబు ఆరలేదు కదా అనిపించింది. ఆ మర్నాడూ అంతే.

తర్వాతి అతుకు మా వాడ వెనకే ఊడింది. డ్యూటీ దిగి వచ్చేసరికి వాడంతా బురద. నల్లాలో గాలి బుస తప్ప చుక్క లేదు. ట్యాంకరు వచ్చి ఉంది, దాని చుట్టూ బిందెలు, అరుపులు. ఎండ అప్పుడే నెత్తిన మండుతోంది. ఆ గుంపులో, చేతిలో బిందెతో, తల మీద కొంగు జారిపోయి, మా అత్త.

నేను చూస్తుండగానే ఎవరో తోశారు. ఆమె బురదలో మోకాలి మీద పడింది. బిందె దొర్లిపోయింది. నేను ఉరికాను, కానీ దగ్గరికి పోయాక ఆగిపోయాను. అల్లుడు అత్తను చెయ్యి పట్టి లేపొచ్చా? ఎప్పుడైనా చూశామా? నేను ఆలోచిస్తున్నంతలో ఇద్దరు ఆడవాళ్లు ఆమెను లేపారు. నేను బిందె తెచ్చాను. అంతే చేశాను.

ఇంట్లో నొప్పి నూనె సీసా ఆమె గది గడప దగ్గర పెట్టాను. కాసేపటికి లోపలి నుంచి మాట వచ్చింది. "దెబ్బ చిన్నదే. ఫికర్ చేసేటోళ్లు చెయ్యకుండ్రి."

సాయంత్రానికి బిక్షం దిగాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట.

"గిదానే నువ్వు చూస్కునుడు? డెబ్బై ఏండ్ల మనిషిని ట్యాంకరు కాడికి తోల్తవా?"

"నేను డ్యూటీల ఉన్నరా."

"నువ్వు ఇంట్ల ఉన్నా గంతే. నీ మాట ఆమె ఇనది, ఆమె మాట నీకు ఇనబడది. స్లాబు పడ్డది. వచ్చే ఐతారం ఆటో తెస్త. బట్టలు సదిరిపెట్టమని చెప్పు."

"నేనెట్ల చెప్త? నువ్వే చెప్పు."

"చూసినవా, గదే అంటున్న" అన్నాడు బిక్షం.

వాడు వెళ్లాక చాలాసేపు వాకిట్లో కూర్చున్నాను. ఆ మోకాలు వాచింది ఎవరివల్లో నాకు తెలుసు. నేను బాగున్నానని చెప్పడానికి పంపిన దెబ్బే పోయి ఆమెను బురదలో పడేసింది. ఇక దగ్గించకూడదు. అయితే దగ్గు వినబడకపోతే ఆమె ఏమనుకుంటుంది? చెప్పాలి. చెప్పడం నాకు ఒక్క తీరుగానే వచ్చు. బకెట్‌ను గడప దగ్గరికి లాగాను.

"ఓ బకెట్టూ, నల్లకు సర్ది అయ్యిందట. డాక్టరమ్మ వచ్చి మందు రాసింది. రేపటి సంది దగ్గదు. ఎవరన్న ఎదురుచూస్తె ఫికర్ చెయ్యద్దని చెప్పు."

లోపల కడియాల చప్పుడు కూడా వినబడలేదు. నేను చెప్పాననే అనుకున్నాను. బకెట్‌తో నేను ఇన్నాళ్లు చెప్పినవన్నీ పనికిమాలిన మాటలే, ఇదీ వాటిలో ఒకటిగా పోతుందని నాకు తట్టలేదు.

రాత్రికి రాత్రే అతుకు బిగించి లైను సరిచేశారు. తెల్లవారుతుండగా చక్రం పట్టుకున్నాను. ఒక చుట్టు తిప్పి ఊపిరి పీల్చాను. ఇంకో చుట్టు. పెళ్లయిన నాటి నుంచి అలవాటైన చోటు వచ్చింది. వేళ్లు వాటంతట అవే వెనక్కి తిరగబోయాయి. పట్టి ఆపాను. నిదానంగా, తలుపు చప్పుడు కాకుండా తీసే దొంగలా, మొత్తం తెరిచాను. ముల్లు మెల్లగా ఎక్కింది. ఏ చప్పుడూ లేకుండా నీళ్లు వెళ్లిపోయాయి. పెద్దగా ఏడుద్దామన్నా అక్కడ వినేవాళ్లు లేరు, కాబట్టి ఏడవలేదు.

డ్యూటీ దిగే వేళకు మైత్రి, సంపత్ చెక్కల తెప్పతో వచ్చారు. నది నీళ్ల మీద దాన్ని కట్టడానికి నేనూ దిగాను. సుడి మూసుకుపోయింది. పంపు గొంతు మారింది, పొడి దగ్గు తగ్గిన మనిషిలా. ముల్లు ఒక్క చోట నిలిచింది.

"ఇవాళ దండం పెట్టలేదా?" అంది మైత్రి, ముల్లు వైపే చూస్తూ.

"గోదారి తల్లి ఇగ సాలన్నది మేడం."

స్కూటర్ తీసేసరికి ఎండ ఎక్కింది. పైపు వెంబడే మట్టి దారి కాలనీకి పోతుంది. సగం దారి దాటాక, అటు నుంచి ఒక మనిషి రావడం కనబడింది. కాస్త నడిచి ఆగుతోంది. పైపు మీదికి వంగుతోంది. మళ్లీ నడుస్తోంది, ఒక కాలు ఈడుస్తూ. ఎవరో మతి తప్పినామె అనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే ఆమె పైపుకు చెవి ఆనించి వింటోంది.

స్కూటర్ ఆపాను. అత్త తలెత్తింది. కాళ్లకు చెప్పులు లేవు. తల మీద కొంగు లేదు, వేసుకోవాలని కూడా చూడలేదు. నేరుగా వచ్చి నా ముంజేయి పట్టుకుంది. గట్టిగా, ఒత్తి చూసినట్టుగా.

"నల్ల దగ్గలే" అంది, నా ముఖంలోకి చూస్తూ. "చాయ్ నీళ్లు పెట్టుకోని కూసున్న. నీళ్లు వచ్చినయ్, దగ్గలే. పొద్దెక్కింది, నువ్వు రాలే. నీకేమన్న అయ్యిందనుకున్న."

"బకెట్‌కు చెప్పిన గద..."

"బకెట్ ఏందిరా, నీ బకెట్ మీద మన్నుపడ! నాకు చెప్పవా? నేనేమన్న సచ్చిన్నా ఇంట్ల? ఒకతి దవాఖానకు పోతున్న అని చెప్పిపోయి రాలే. నువ్వు చెప్పకుంటనే పోతవా?"

ఆమె నా చెయ్యి వదలలేదు. ఆమె కళ్లు మల్లక్క కళ్లలా బూడిద రంగు అని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు కదా.

"బండెక్కు, కాలు నొస్తది" అని చివరికి అన్నాను. ఎక్కనంది. స్కూటర్ నడిపించుకుంటూ నేను, బండికి అటువైపు ఆమె, కాలనీదాకా నడిచాం. మా వాడలో నల్లా దగ్గర ఆడవాళ్లు మమ్మల్ని చూసి బిందెలు నింపడం మరిచిపోయారు.

ఆదివారం బిక్షం ఆటోతో వచ్చాడు. రోడ్డు మీద జరిగింది వాడి చెవిన అప్పటికే పడింది.

"అవ్వా, నడువు. ఇంక జనానికి ఏం చెప్పుకోవాలె నేను?"

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నీ పెండ్లాం పిల్లలున్నరు నీకు. ఇల్లు సందడున్నది. పండుగకు వస్త, పో."

"ఈడ నీకేమున్నదే? మాట్లాడ దిక్కు లేదు."

అత్త కాసేపు బియ్యం ఏరింది. "ఇద్దరికీ లేదు" అంది. "నేను గూడ వస్తె ఆయినె ఒక్కడే అయితడు."

బిక్షం నా వైపు చూశాడు. సిమెంటు, చక్కెర అని ఏదో అందామనుకున్నాను, నోరు తిరగలేదు. వాడు ఆటోవాణ్ని వెనక్కి పంపి, అన్నం తిని, బస్సుకు పోయాడు.

ఇప్పుడు తెల్లవారుజామున చక్రం నిదానంగానే తిప్పుతాను. ముల్లు ఎగిరిపడదు. నీళ్లు ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిపోతాయి. మల్లక్క నిజంగా పోయిందని నాకు అప్పుడు తెలుస్తుంది, ప్రతి పొద్దూ ఒకసారి. మొగులు పట్టి తొలకరి పడ్డా ఆ వేళప్పటి ఖాళీ పోలేదు.

మొదటి వాన కురిసిన పొద్దున తడిసి ఇంటికి వచ్చాను. గడప దగ్గర గ్లాసు లేదు. లోపలికి పోతే అత్త పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగి, చాయ్ నా చేతికే ఇచ్చింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను ఒక గుటక మింగేదాకా చూసింది.

"చక్కెర సరిపోయిందా?"

చక్కెర అసలు వెయ్యనే లేదు. పాత బుచ్చన్న అయితే ఆ చాయ్ కథ వాడంతా తిప్పి వారం రోజులు నవ్వించేవాడు.

"సరిపోయింది అత్తా" అన్నాను.